మొదటి సంతానం పేరిట ఒక సీటు

జూన్ 4
గాలి నైరుతి, మామూలు. ట్రిప్పులు 38. రెండో డబ్బా తలుపు మళ్ళీ బిగిసింది. తన్ని తెరిచాను.

ఈ రోప్‌వే డ్యూటీ పుస్తకంలో ప్రతి పేజీకీ అడుగున "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంది. పందొమ్మిదేళ్ళుగా అందులో అడ్డగీత గీస్తున్నాను. ఒక్కసారి మాత్రం "మూడో డబ్బాలో ఏనుగు ఎక్కింది" అని రాశాను. పైవాళ్ళు సంతకం చేసి పంపారు. అంటే ఎవరూ చదవరు. రాసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

పొద్దున పళ్ళు తోముకుంటుంటే మా ఇంటి గోడ మాట్లాడింది.

"నమస్కారం. విద్యాపీఠం నుంచి. మీ మొదటి సంతానానికి పద్దెనిమిదేళ్ళు నిండుతున్నందుకు శుభాకాంక్షలు. జలశాస్త్రంలో సీటు సిద్ధంగా ఉంది. చేరిక జూలై 14న. హాస్టల్ భోజనంలో కారం ఎక్కువా, తక్కువా?"

నాకు పిల్లలు లేరు. భార్య ఉండేది. హైమ పోయి పద్నాలుగు నెలలైంది.

నోటినిండా నురగతో "ఎక్కువ" అన్నాను. గోడతో వాదించి గెలిచినవాడు కొండవాలున ఇళ్ళు కట్టిన మా మెట్టు మీద ఇంతవరకూ లేడు.

జూన్ 5
గాలి లేదు. ట్రిప్పులు 35.

పెళ్ళిలో అరుంధతిని చూపించాక తొలిముడి వేయించడం ఈ మెట్ల మీద ఆచారం. వధూవరుల్లో ఒకరైనా ఎదురు కొండమీది విద్యాపీఠంలో చదివి ఉంటే, పీఠంవాళ్ళు ఒక పెట్టె తెచ్చి పందిట్లో పెడతారు. ఇద్దరి వేళ్ళ నుంచీ చెరో బొట్టు నెత్తురు తీసుకుని, పుట్టబోయే బిడ్డకు ఎన్ని మార్కులు వస్తాయో పెట్టె చెబుతుంది. మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. పీఠంలో చదివినవాళ్ళ బిడ్డ కాబట్టి రెండు వందలు అదనం. వేలిముద్ర వేస్తే సీటు ఖాయం. బిడ్డ ఇక మరెక్కడా చదవకూడదు.

షరతులు నలభై పేజీలు. ముహూర్తం మించిపోతోందని పురోహితుడు, ఆకులు వేసేశారని మా పెద్దత్తగారు. వేలు పెట్టేశాం.

మాకు వెయ్యికి 912 వచ్చాయి. ఎవరి నెత్తురు వల్ల ఎన్ని అన్నది పెట్టె చెప్పదు. మామగారు చెప్పారు. పీఠంలో చదివింది హైమ. నాది రేవు పాలిటెక్నిక్. "మా అమ్మాయి ఒక్కతే అయితే వెయ్యి దాటేది" అన్నారాయన. ఒక్కతే అయితే బిడ్డ ఎలా వస్తుంది మామయ్యగారూ అనబోయి లడ్డూ తిన్నాను.

మూడో ఏట హైమకు నెల తప్పింది. మూడో నెల స్కాను ఆసుపత్రి నుంచి నేరుగా పీఠానికి వెళ్ళింది. సీటు ఖరారైంది. ఐదో నెలలో కడుపు పోయింది.

ఆ సంగతి పీఠానికి తెలియజేయడానికి ఒక కాగితం ఉంటుంది. తల్లి సంతకం చెయ్యాలి. దాన్ని హైమ చేతికిచ్చారు. తర్వాత ఆ కాగితం నాకు కనిపించలేదు. నేను అడగలేదు. మేం మళ్ళీ ప్రయత్నించలేదు.

జూన్ 7
గాలి నైరుతి, ముక్కలుగా. ట్రిప్పులు 40.

నీళ్ళ వంతు మాది. మేముండేది ఏడో మెట్టు. పేరు అలాగే ఉంచారు గానీ, కింది మూడూ మునిగాక సముద్రం వైపు నుంచి లెక్కపెడితే ఇప్పుడు నాలుగోది.

వరసలో నా ముందు పక్కింటి పైడితల్లి. మునక పని చేస్తుంది. నీళ్ళలో ఉన్న పాత ఊళ్ళోకి దిగి, ఇళ్ళ గోడల్లోంచి రాగి తీగలు ఊడదీసి పైకి తేవడం. ఇరవయ్యేళ్ళ మునకలో ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సెలవు మీద ఉంది. అందుకని ఆవిడ గుసగుస కూడా కేకే.

"అన్నియ్యా! మా నూకికి మిగులు పరీక్షలో ఎన్నొచ్చాయో ఇన్నావా?"

మెట్లన్నీ విన్నాయి.

నూకరత్నం ఆమె కూతురు. తొలిముడి లేని ఇళ్ళ పిల్లలకు పీఠం ఏటా మిగులు పరీక్ష పెడుతుంది, సీట్లేవైనా మిగిలితే ఇవ్వడానికి. నూకరత్నానికి 871. అంచనా కాదు, కూర్చుని రాసి తెచ్చుకున్నవి. జలశాస్త్రం నిరీక్షణ జాబితాలో మొదటి పేరు తనదే. సీట్లు నలభై. నలభయ్యీ నిండి ఉన్నాయి.

"ఒక్కటి కాళీ అయితే సాలు, మా గుంటదే. అవకపోతే జూలై పదిహేనో తారీకున మునక సంగంలో పేరు రాయించీయాల. పదేళ్ళ ఒప్పందం." బిందె దించి, పోయిన చెవిని వేలితో చూపించింది. "ఇంటికి ఇలాటిది ఒకటి సాలదేటి?"

"అమ్మా, నెమ్మదిగా" అంది నూకరత్నం వెనక నుంచి.

"నెమ్మదిగానే కదే మాటాడతన్నాను!"

నలభై సీట్లలో ఒకటి ఎవరి పేరిట ఉందో నాకు తెలుసు. చెప్పలేదు. బిందె నిండకుండానే వచ్చేశాను.

జూన్ 9
సెలవు పెట్టి నా డబ్బాలో నేనే ప్రయాణికుణ్ణై వెళ్ళాను. కుదుపు ఎక్కువగా ఉంది. ఎవరికైనా ఫిర్యాదు చెయ్యాలి.

ప్రవేశాల కౌంటర్లో గుమస్తా పేరు జోగారావు. మరమరాలు తింటూ మాట్లాడతాడు.

"సీటు వదులుకుంటానండి" అన్నాను.

"మీవల్ల కాదు మాస్టారూ. తల్లి వదులుకోవాలి. లేదా విద్యార్థి వచ్చి వదులుకోవాలి."

"తల్లి పోయింది."

"అయ్యో." మరమరాలు ఆపాడు. మర్యాదకు ఎంతసేపు ఆపాలో అంతసేపే. "అయితే విద్యార్థిని పంపించండి."

"విద్యార్థి పుట్టలేదు."

"అదేం పెద్ద ఇబ్బంది కాదండి. అలాంటివాళ్ళు ఇక్కడ నూట ఇరవైమంది చదువుతున్నారు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పుట్టనివాళ్ళు కొందరు. పుట్టి, చెప్పకుండా ఇంకోచోటికి పోయినవాళ్ళు కొందరు. పరీక్షకు రాకపోతే పెట్టె అంచనా మార్కులు వేసేస్తుందండి. అందరూ ఫస్ట్ క్లాసే. వచ్చి రాసినవాళ్ళే తప్పుతున్నారు. పోయినేడు బంగారు పతకం అలాంటి కుర్రాడికే వచ్చింది. వేదిక మీదికి పిలిచి, మేమే చప్పట్లు కొట్టి, మళ్ళీ బీరువాలో పెట్టేశాం."

"మా ఫైలు ఒకసారి చూడచ్చా?"

"పాతది. కిందనుంచి తెప్పించాలి. ఇరవయ్యో తారీకున రండి. వచ్చేప్పుడు ఆ రెండో డబ్బా తలుపు సంగతి ఎవరికైనా చెప్పండి మాస్టారూ, నిన్న అందులో అరగంట ఇరుక్కుపోయాను."

చెబుతానన్నాను.

జూన్ 13
వాన. ట్రిప్పులు 12.

పీఠం నుంచి పార్సిల్. రెండు జతల యూనిఫారం. కొలతలు పెట్టె అంచనా వేసింది. చొక్కా చేతులు పొడుగు, హైమవి. నడుము నాది. ఇలాంటి ఒంటితో తిరగాల్సిన బిడ్డ మీద జాలి కలిగింది.

తిప్పి పంపిస్తే తీసుకోరట. బీరువాలో పెట్టాను. పై అరలో ఒకసారి, కింద అరలో ఒకసారి. చివరికి పైనే ఉంచాను.

జూన్ 14
గాలి పడమర. ట్రిప్పులు 37.

పైడితల్లి పార్సిల్ని చూసింది. "ఎవరికన్నియ్యా బడిబట్టలు? ఈ వయసులో సదువుతావేటి?"

చెప్పేశాను. అంతా. ముందు నవ్వింది, తర్వాత మంచంపట్టె మీద దగ్గరగా జరిగింది.

"అయితే ఓ పని సేద్దారి. మా నూకిని నీ కూతురని సెప్పీ. ఒక్క పూటకి. సంతకమెట్టేసి వచ్చీగానే మళ్ళీ మా కూతురైపోద్ది."

"అక్కడ నెత్తురు తీసి చూస్తారమ్మా."

"నీదీ ఎర్రగానే ఉంటాది కదా?"

గుమ్మంలో పుస్తకం చదువుతున్న నూకరత్నం తల ఎత్తలేదు. "నాను ఎల్లను. నా మార్కులు నాను రాసుకున్నాను. ఆళ్ళింట్లో పుట్టని బిడ్డ పేరు ఎట్టుకుని నానేటి సదివీది?"

"నోరు ముయ్యే. పెద్దోళ్ళు మాటాడతన్నారు."

"పెద్దోళ్ళు దొంగతనం మాటాడతన్నారు."

పైడితల్లి నా వైపు తిరిగి, ఆమె లెక్కలో రహస్యంగా, "దీనికి అంత పొగరు ఆళ్ళ నాన్న దగ్గర్నుంచొచ్చింది" అంది. మూడిళ్ళవతల ఎవరో నవ్వారు.

జూన్ 20
గాలి, ట్రిప్పులు: నా బదులు చేసినవాడు రాయలేదు.

ఫైలు వచ్చింది. సన్నగా ఉంటుందనుకున్నాను. లావుగా ఉంది.

సీటు ఖరారైన ప్రతి బిడ్డ గురించీ పీఠం ఏటా ఒకసారి తల్లి పేరిట ప్రశ్నలు పంపుతుందట. ఆరోగ్యం, చదువు, నడవడి. జవాబు రాకపోతే రెండేళ్ళు చూసి సీటు తీసేస్తారు. మాది తీసెయ్యలేదు. పదహారేళ్ళూ జవాబు వెళ్ళింది. హైమ పంపింది.

జోగారావు కాగితాలు నావైపు తిప్పాడు.

మొదటి ఏడు: ఆరోగ్యం బాగుంది. రాత్రుళ్ళు మాకు నిద్ర లేదు.
మూడో ఏడు: మాటలు ఎక్కువ. వాళ్ళ నాన్న మాట్లాడవలసినవి కూడా తన నోటి నుంచే.
ఆరో ఏడు: లెక్కలు నాన్న పోలిక. దిగులుగా ఉంది.
తొమ్మిదో ఏడు: జడ వేయించుకోదు.

అప్పుడు తెలిసింది నాకు, ఆడపిల్ల అని.

పన్నెండో ఏడు: బడి ఎగ్గొట్టి రోజంతా రోప్‌వేలో తిరుగుతోంది. తండ్రి గారాబం.
పదిహేనో ఏడు: మీ పీఠంలో చదవనంటోంది. నేనూ పట్టుబట్టడం లేదు.

పదహారో ఏటి కాగితం మీద తేదీ చూశాను. హైమను తీసుకుపోయిన జ్వరం మొదలైన మూడో రోజు. మొత్తం పదకొండు రోజుల జ్వరం అది.

పదహారో ఏడు: ఎదిగింది. ఇక నా అవసరం అంతగా లేదు.

ప్రతి కాగితంలోనూ పేరు గడిలో ఒకటే రాసి ఉంది: "ఇంకా తేలలేదు. మేమిద్దరం పోట్లాడుకుంటున్నాం." పదహారేళ్ళ పోట్లాట. ఒక పక్షానికి కబురే లేదు.

జోగారావు మరమరాల పొట్లం నా వైపు తోశాడు. నేను తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.

"ఒక దారుందండి" అన్నాడు. "చేరిక రోజున హాల్లో ఒక్కొక్కరి పేరూ మూడుసార్లు పిలుస్తాం. పలకకపోతే సీటు ఖాళీ. అక్కడికక్కడే నిరీక్షణ జాబితాలో మొదటి పేరు పిలుస్తాం."

"మరి ఆ నూట ఇరవైమంది?"

"వాళ్ళకు అమ్మో నాన్నో పలుకుతారు. పలకచ్చు, నిబంధన ఉంది. పెద్దాడు చదివినట్టు కాగితం ఉంటే, పెదనాన్న పీఠం మనిషని చిన్నాడి పిల్లలకూ రెండు వందలు కలుస్తాయి కదండీ. మీకొచ్చిన చిక్కు వేరు. మీ అమ్మాయికి పేరు లేదు. పేరు లేనివాళ్ళను పిలవలేం. పిలవనివాళ్ళు రాలేదని రాయలేం. నాలుగేళ్ళు చదివి ఫస్ట్ క్లాసులో బయటికొస్తుంది."

"పేరు పెడితే?"

"పిలుస్తాను. మీరు పలికితే ఉన్నట్టు. ఊరుకుంటే లేనట్టు." ఫైలు కట్టేస్తూ అన్నాడు: "పేరు గడి తండ్రి కూడా నింపచ్చు. జూలై పదో తారీకులోగా."

జూన్ 21
గాలి నైరుతి. ట్రిప్పులు 39. ఇతర విషయాలు లేవు.

జూన్ 28
గాలి నైరుతి. ట్రిప్పులు 36.

నూకరత్నం స్టేషన్‌కు వచ్చింది. వంకాయ కూర తెచ్చింది. గిన్నె బల్లమీద పెట్టి, చక్రం తిరగడం చూస్తూ నిలబడింది.

"మావయ్యా, అమ్మ పంపిందనుకుంటావేమో. నానే వొచ్చాను."

"కూర నువ్వే చేశావా?"

"అమ్మ సేసింది."

"అయితే తింటాను."

నవ్వలేదు. "నీకు ఇష్టం లేపోతే పేరు రాయొద్దు. మునక పని సెడ్డదేటి కాదు. అమ్మ సెయ్యట్లేదా? నా సీటుకోసం మీ పిల్లని పంపించీయొద్దు."

"మా పిల్లకి 912" అన్నాను.

"అయితే నాకన్నా గొప్పదే."

"అంచనా. పైగా రెండు వందలు వాళ్ళమ్మవి. తీసేస్తే 712. లెక్కల్లో నా పోలికట."

"712తో మిగులు పరీక్షలో జాబితాకి కూడా ఎక్కదు."

"ఎక్కదు."

"రోజూ నా దగ్గర కూకుంటే ఎక్కించీసీదాన్ని" అంది. చక్రాన్నే చూస్తూ, "పొద్దుగూకులూ ఈ డబ్బాల్లో తిరక్కుండా" అంది.

పన్నెండో ఏటి సంగతి ఆమెకు నేనే చెప్పాను. అలా వాడుతుందనుకోలేదు. తలుపు బాగుచేసే నెపంతో రెండో డబ్బా దగ్గరికి వెళ్ళి కాసేపు ఉన్నాను. తిరిగొచ్చేసరికి వెళ్ళిపోయింది. కూరలో కారం సరిపోయింది.

జూలై 3
గాలి ఈశాన్యానికి తిరిగింది. ట్రిప్పులు 33.

పేర్లు రాసుకున్నాను. మామగారు బతికి ఉంటే వాళ్ళమ్మగారి పేరు పెట్టమనేవారు. అందుకని అది మొదట కొట్టేశాను.

హైమకు నదుల పిచ్చి. ఏ నదిలో ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో కొలవడమే ఉద్యోగం. ఆ ఐదు నెలల్లో నిజంగా ఒకసారి పోట్లాడుకున్నాం. "వంశధార అని పెడదాం" అంది. "అంతకంటే వారసత్వ కోటా అని పెట్టు, తిన్నగా ఉంటుంది" అన్నాను. దిండు విసిరింది. ఆ తర్వాత పేర్ల మాట రాలేదు. వచ్చే వ్యవధి లేకపోయింది.

గోస్తని. బాగుంది గానీ బళ్ళో ఏడిపిస్తారు. శారద. మా మెట్టు మీదే ముగ్గురున్నారు. నాగావళి. పెద్ద నది, 712కి మరీ ఎక్కువ.

చంపావతి అని రాశాను. చిన్న ఏరు. వేసవిలో కనిపించదు, వానపడితే చెప్పకుండా ఊళ్ళోకి వచ్చేస్తుంది. అల్లరికి సరిపోతుంది.

హైమ ఒప్పుకునేది కాదు. రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, మూడో రోజు ఆ పేరుతోనే పిలిచేది.

కాగితం జోగారావుకు మధ్యాహ్నం ట్రిప్పులో పంపాను. డబ్బా తాడు మీద సగం దూరం పోయేదాకా చూస్తూ ఉన్నాను. వెనక్కి తిప్పే మీట నా చేతికింద ఉంది. వాడలేదు.

జూలై 14
గాలి మామూలు. ట్రిప్పులు 61, చేరిక రోజు కాబట్టి. బదులు మనిషి ఈసారి రాశాడు.

హాలు నిండిపోయింది. తల్లిదండ్రుల వరసలో నా పక్కన జరీ కండువాతో ఒక పెద్దమనిషి. నా వెనక వరసలో పైడితల్లి, ఆమె పక్కన నూకరత్నం. నిరీక్షణవాళ్ళకు కుర్చీలు లేవు. ఇద్దరూ నిలబడ్డారు.

జోగారావు వేదికెక్కాడు. మరమరాలు లేవు. మనిషి కొత్తగా కనిపించాడు. ఒక్కొక్క పేరూ పిలవడం మొదలుపెట్టాడు. పిల్లలు పలికారు. పిల్లలు లేనిచోట పెద్దవాళ్ళు పలికారు. కండువా పెద్దమనిషి రెండుసార్లు పలికాడు, ఒకసారి తన పక్కన కూర్చున్న అబ్బాయికి, ఒకసారి ఎవరికో.

"జలశాస్త్రం. పొట్నూరు చంపావతి."

ఆ పేరు ఇంతకుముందు ఎవరూ పైకి అనలేదు. నేను కూడా. గట్టిగా అంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. బాగానే ఉంది.

"పొట్నూరు చంపావతి."

నలుగురు తలలు తిప్పి చూశారు, ఎవరో ఆలస్యంగా పరిగెత్తుకొస్తుందన్నట్టు. నేనూ తలుపువైపు చూశాను. జోగారావు నావైపు చూడకుండా కాగితం చూస్తున్నాడు. మూడోసారికి మిగతావాళ్ళకిచ్చినదానికంటే ఎక్కువ వ్యవధి ఇచ్చాడు. అది నిబంధన కాదు.

"పలకండమ్మా, బేగి" అని వెనక ఎవరో విసుక్కున్నారు.

ఒక్క మాట చాలు. "ఉంది" అంటే నాలుగేళ్ళుంటుంది. హాస్టల్లో కారం ఎక్కువ తింటుంది. ఫస్ట్ క్లాసులో బయటికొస్తుంది. ఏటా ప్రశ్నలొస్తాయి, ఈసారి జవాబు నేను రాసుకోవచ్చు.

"పొట్నూరు చంపావతి."

నాలుకను పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. నొప్పి పుట్టింది. సాయపడింది.

"ఖాళీ" అన్నాడు జోగారావు. రాసుకున్నాడు. "నిరీక్షణ ఒకటి. వాసుపల్లి నూకరత్నం."

"ఉన్నాను!"

దానిమీద పైడితల్లి గొంతు: "ఉంది బాబూ, ఉంది! ఇదిగో, ఇదే మా గుంట!"

హాలంతా నవ్వింది. "ఒక్కసారే పిలిచానమ్మా" అన్నాడు జోగారావు. నూకరత్నం అప్పటికే వేదిక దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక నుంచి పైడితల్లి చెయ్యి నా భుజం మీద పడింది. మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా ఉండగా నేను చూడడం ఇదే మొదలు.

కండువా పెద్దమనిషి నావైపు వంగాడు.

"ఇందాక ఆ చంపావతి ఎవరోగానీ, చేతికొచ్చిన సీటు వదిలేసుకుందండీ."

"మా అమ్మాయేనండి."

"అయ్యో. మరి రాలేదేం?"

"వాళ్ళమ్మ దగ్గరుంది."

"అదేనండీ వచ్చిన చిక్కు. తల్లుల గారాబంతోనే పిల్లలు ఇలా తయారవుతున్నారు."

"అవునండీ" అన్నాను. "మొదటినుంచీ అంతే."